లిఫ్టులో అంటించిన ఆ నోటీసు తీసేయండి: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీ సభ్యులకు, మన 40 ఫ్లాట్లలో ఉంటున్న అందరికీ,

నమస్కారం.

నాలుగో అంతస్తు నుంచి కిందికి 72 మెట్లు. "పెంపుడు జంతువులకు లిఫ్టులో ప్రవేశం లేదు, అతిక్రమిస్తే 2,000 రూపాయల జరిమానా" అని మీరు నోటీసు అంటించిన రోజు నుంచి నేనూ మా కుక్క బెల్లమూ రోజుకు మూడుసార్లు ఆ మెట్లు దిగి ఎక్కుతున్నాం. బెల్లం వెనక కుడికాలు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. దిగేటప్పుడు ఆ కాలు పైకెత్తి మూడు కాళ్ల మీద దిగుతుంది. ఎక్కేటప్పుడు రెండో అంతస్తు మలుపు దగ్గరకు వచ్చేసరికి కూలబడిపోతుంది. కాలు నాకుకుంటుంది. పక్క మెట్టు మీద నేనూ కూర్చుంటాను. ఎత్తుకుందామంటే 19 కిలోలు, నా నడుం ఒప్పుకోదు. మనలో చాలామంది ఆ మలుపు దగ్గర మమ్మల్ని చూశారు. కొందరు తల తిప్పుకుని వెళ్లిపోయారు, ఇద్దరు మాత్రం ఆగి "ఏమ్మా, కాలు నొప్పా దానికి?" అని అడిగారు. ఆ ఇద్దరికీ నా దండం.

మన ఒక్క బిల్డింగు సంగతే అయితే మీ తలుపు తట్టి మాట్లాడేదాన్ని. మూడుసార్లు మాట్లాడాను కూడా. కానీ ఇలాంటి నోటీసే సీతమ్మధారలో మా చెల్లెలి బిల్డింగులో ఉంది, మధురవాడలో మా ఆడపడుచు వాళ్ల దగ్గర ఉంది. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

బెల్లం మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపులో "వీధికుక్కను తెచ్చి మా నెత్తిన పెట్టారు" అన్న మాట చదివాను.

మా ఆయన షిప్పులో పని చేస్తారని మీకు తెలుసు. ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే. బాబు కాలేజీకి వెళ్లిపోయాక ఇంట్లో నేనూ అమ్మా మిగిలాం. కుక్కను పెంచుకుందామని బాబే అన్నాడు. కొనొద్దు, షెల్టర్ నుంచి తెచ్చుకుందాం అన్నది నా మాట. 1996 నుంచి మన ఊళ్లో పని చేస్తున్న విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ లాంటి సంస్థలు ఉన్నాయి. విడిగా తమ ఇళ్లలోనే పదీ పదిహేనింటిని సాకుతున్నవాళ్లూ ఉన్నారు. మేం వెళ్లిన చోట వెంటనే చేతిలో పెట్టి పంపలేదు. ఫారం నింపించారు. ఆధార్ తీసుకున్నారు. ఇల్లు సొంతమా అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళితే ఎవరు చూస్తారు, అన్నీ అడిగారు. ఒకరోజు ఇంటికొచ్చి బాల్కనీ గ్రిల్లు సందుల్లోంచి కుక్క జారిపోతుందేమోనని చేత్తో కొలిచి చూశారు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన రెండు ఊచలు మార్పించమన్నారు, మార్పించాం. వదిలేయనని, పిల్లలు పెట్టించనని, ఒకవేళ పెంచలేని పరిస్థితి వస్తే రోడ్డు మీద కాకుండా వాళ్లకే తిరిగి అప్పగిస్తానని సంతకం పెట్టాను.

మూడు ఆదివారాలు వెళ్లాం. మిగతా కుక్కలన్నీ జాలీ మీదకు ఎగబడి చేతులు నాకుతుంటే ఇది ఒక్కటే వెనక మూల గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఒళ్లంతా అనకాపల్లి బెల్లం రంగు. అక్కడ పని చేసే కుర్రాడు "ఇది ఎవరి దగ్గరికీ రాదమ్మా, పిల్లల్ని చూడండి" అన్నాడు. మూడో వారం నేను ఊరికే నేలమీద కూర్చున్నాను. అరగంట తర్వాత వచ్చి నా చెప్పులు వాసన చూసి, వాటి మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఆనందపురం వైపు హైవే పక్కన దొరికిందట. ఏదో బండి గుద్దింది. మెడకు ఎర్ర బెల్టు ఉంది, బెల్టుకు లైసెన్సు బిళ్ల లేదు.

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున కుక్కర్ విజిల్ వేసింది. అప్పటిదాకా మంచం కింద నుంచి కదలనిది లేచి వచ్చి వంటింటి గడప బయట కూర్చుంది. ముందుకాళ్లు రెండూ సరిగ్గా గడప అంచు దాకా వచ్చి ఆగాయి, అంగుళం కూడా లోపలికి పెట్టలేదు. మేం అప్పటికి దానికి ఏమీ నేర్పలేదు. మడి, ఆచారం అని కుక్క వద్దే వద్దన్న మా అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "దీనికి ఎవరో నేర్పారే" అంది. ఆ సాయంత్రం కిందికి తీసుకెళదామని లిఫ్టు నొక్కాను. తలుపు తెరుచుకోగానే నాకన్నా ముందే లోపలికి వెళ్లి, మూలకు జరిగి, మనుషులకు చోటు వదిలి తలుపువైపు తిరిగి కూర్చుంది. మెట్లవైపు చూడనేలేదు.

అంటే ఈ కుక్క మన లాంటి అపార్ట్‌మెంట్‌లోనే పెరిగింది. వంటింట్లోకి రాకూడదని ఒక ఇల్లాలు దానికి నేర్పింది. లిఫ్టులో ఎలా మసలుకోవాలో నేర్పారు. తర్వాత ఒకరోజు ఎవరో బండి ఎక్కించుకుని వెళ్లి హైవే మీద దింపేశారు.

ఎందుకు దింపేశారు? బెల్లం చెప్పలేదు. ఆ షెల్టర్ కుర్రాడిని అడిగితే, వదిలేయడానికి వచ్చేవాళ్లు చెప్పే కారణాలు నాలుగైదే ఉంటాయన్నాడు. ట్రాన్స్‌ఫర్ అయిందంటారు, ఇంట్లో పాపాయి పుట్టిందంటారు. తనకు ఎక్కువగా వినిపించేది మాత్రం "మా అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోవడం లేదు" అన్న మాటే అన్నాడు.

మన గేటు ముందు వీధికుక్కలు పెరిగిపోతున్నాయని ప్రతి మీటింగులో అనుకుంటాం. ఆ కుక్కలు కొన్ని వీధిలోనే పుట్టాయి, నిజమే. కొన్ని మాత్రం ఇళ్లలోంచి వచ్చాయి. ఇళ్లలోంచి ఎలా వస్తున్నాయంటే, ఇలాంటి నోటీసుల వల్ల కూడా. ఇంట్లో టీకాలు వేయించుకుని, ఆపరేషన్ చేయించుకుని, మెడకు బెల్టుతో ఉండే కుక్కను మనం రోడ్డు మీదకు నెట్టి, మళ్లీ రోడ్డు మీద కుక్కలున్నాయని భయపడుతున్నాం. నేను ఈ లేఖ రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాట కోసమే.

ఇక రూల్స్ సంగతి. అసోసియేషన్ రూల్స్ పాటించాలి కదా అన్నారు, పాటించాలి. దేశానికీ ఊరికీ ఉన్న రూల్స్ కూడా పాటించాలి. నా వైపు నుంచి చేయాల్సింది చేశాను. యాంటీ రేబిస్ టీకా వేయించాను. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా, నట్టల మందు అయ్యాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ షెల్టర్‌లోనే చేశారు, చెవి కొస కత్తిరించిన గుర్తు ఉంది చూడండి. టీకా కార్డు, ఫొటో, నా ఆధార్ పెట్టి జీవీఎంసీలో, అంటే మన నగరపాలక సంస్థలో, పెంపుడు కుక్క లైసెన్సు తీసుకున్నాను. టీకా ఏటా వేయించాలి, లైసెన్సు గడువు దాటకుండా చూసుకోవాలి, ఆ తేదీలు మా క్యాలెండర్‌లో రాసి పెట్టాం. మన బిల్డింగులో ఇంతకుముందు పెరిగిన కుక్కలకు ఇవన్నీ ఉన్నాయా అని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

కమిటీ పరిధి గురించి కూడా చెప్పాలి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో కాలనీ సంఘాలకు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందరూ కలిసి తీర్మానం చేసినా, మెజారిటీ ఉన్నా, పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదని అందులో స్పష్టంగా ఉంది. లిఫ్టు వాడకూడదని చెప్పడానికి, లిఫ్టు వాడినందుకు విడిగా డబ్బులు వసూలు చేయడానికి కూడా వీల్లేదు. అవే మార్గదర్శకాలు పెంచుకునేవాళ్లకూ చెప్పాయి: బయట పట్టీ వేసి నడిపించండి, టీకాలు వేయించండి, మలం ఎత్తేయండి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోండి అని. సంఘాల బైలాల్లో పెంపుడు జంతువులను నిషేధించే నిబంధనలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. కోర్టుకు వెళ్తానని బెదిరించడానికి ఇది రాయడం లేదు. మన సెక్రటరీ గారు కాగితం చూడనిదే ఏ పనీ చేయరు, ఆ పద్ధతి నాకు ఇష్టం. అందుకే ఆ కాగితాల ప్రింట్లు తీయించి ఫైలులో పెట్టాను.

కమిటీలో ఒక పెద్దాయన మధ్యే మార్గంగా ఒక మాట చెప్పారు. "పైకి ఎందుకమ్మా, కింద పార్కింగులో గొలుసేసి కట్టేయండి, అన్నం అక్కడే పెట్టండి" అని. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ఒకసారి చూడండి. కుక్కను ఎప్పుడూ గొలుసుతోనో ఇరుకు చోటులోనో ఉంచి తిప్పకపోవడం అందులో నేరం. పెంచుకుంటున్న జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం కూడా అదే సెక్షన్ కింద నేరమే. పార్కింగులో కట్టేస్తే ఒక తప్పు, వదిలించుకుంటే ఇంకో తప్పు. నాకు చట్టప్రకారం మిగిలిన దారి ఒక్కటే, దాన్ని ఇంట్లో మనిషిలా పెంచుకోవడం.

పైగా ఇప్పుడు రోజులు ఎలా ఉన్నాయో మీరూ పేపర్లలో చదివారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో, ఇష్టమున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నాక అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. నవంబర్ 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. షెల్టర్లలో చోటెక్కడిది? అక్కడ నుంచి ఎవరో ఒకరు ఇంటికి తెచ్చుకుంటేనే ఇంకోదానికి చోటు. తెచ్చుకోవడానికి ముందుకొచ్చే ఇల్లు ఏ అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఇలాంటి నోటీసే ఎదురొస్తే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది.

మూడో అంతస్తు అమ్మాయీ, ఇప్పుడు నీతో మాట్లాడాలి. మీ చిన్నోడిని పోయినేడు రైతు బజార్ దగ్గర కుక్క తరిమింది. పడి మోకాలు చీరుకుపోయింది. ఆ రాత్రి వాడు నిద్రలో ఏడ్చాడని నువ్వు చెప్పినప్పుడు నేనూ భయపడ్డాను. నీ భయాన్ని నేను ఎప్పుడూ తీసిపారేయను. రేబిస్ చాలా చెడ్డ జబ్బు. లక్షణాలు కనపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే చెప్తున్నా, ఏ కుక్క కరిచినా, గీరినా, మా బెల్లమే అయినా సరే, ముందు కొళాయి కింద ధారగా పావుగంట సేపు సబ్బుతో కడుగు. పసుపు, కారం లాంటివి పెట్టకు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లు. మన చిన్నప్పుడు చెప్పుకున్న బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయింది. ఇప్పుడు మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు ఇస్తారు. చర్మం తెగి రక్తం వస్తే మొదటి రోజే ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే మందు) కూడా వేస్తారు. మధ్యలో ఒక్కటి కూడా మానకూడదు.

మా కుక్క వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగితే బాధ్యత నాది. జంతువును నిర్లక్ష్యంగా వదిలి మనుషులకు ప్రమాదం తెచ్చినవాళ్లకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అది న్యాయమైన రూలే. లిఫ్టులో ఎవరైనా ఉంటే నేను ఆగుతాను. "మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తాను" అని నోటీసుకు ముందు కూడా అనేదాన్ని, ఇకముందూ అంటాను. పట్టీ లేకుండా గుమ్మం దాటించను. గేటు బయట పాత పేపరు, కవరు చేతిలో లేకుండా నన్ను చూసి ఉండరు.

మొదటి వారం రాత్రుళ్లు ఏడ్చిన మాట నిజం. పక్క ఫ్లాటు వాళ్లకు నిద్ర లేదు, వాళ్లకు ఇప్పటికీ క్షమాపణ చెప్తున్నాను. కొత్త చోటు, తలుపు మూసి ఉంటే మళ్లీ వదిలేశారనుకునేది. నేను హాల్లో చాప వేసుకుని దాని పక్కన పడుకున్నాక నాలుగు రాత్రుల్లో ఆగిపోయింది. ఇప్పుడు కొరియర్ అబ్బాయి వచ్చినప్పుడు రెండుసార్లు మొరుగుతుంది, అంతే.

ఇంకో మాట, మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట మన రెండో అంతస్తులో పగ్ ఉండేది. ఒకప్పటి హచ్ ఫోన్ల యాడ్‌లో ఆ జాతి కుక్కే ఉండేది కదా, హచ్ కుక్క, హచ్ కుక్క అని గుంటలంతా దాని వెంటే తిరిగేవాళ్లు. లిఫ్టులో అందరం దాన్ని ఎత్తుకున్నాం, నేనూ ఎత్తుకున్నాను. అప్పుడు ఏ నోటీసూ రాలేదు. మన ఉక్కపోతకు ఏసీ లేకుండా ఉండలేని హస్కీని తెచ్చుకుంటే గొప్పగా చూస్తాం. మన మట్టిలో పుట్టి, మన ఎండకు తట్టుకుని, పెరుగన్నం పెడితే తినే ఊరకుక్కను చూస్తే మాత్రం చీదరించుకుంటాం. ఆ నోటీసు అన్ని పెంపుడు జంతువులకూ అని రాసి ఉన్నా, అది బెల్లం వచ్చిన పదకొండో రోజున వచ్చింది. అది నన్ను బాధపెట్టింది.

2014 అక్టోబర్ 12 మనలో ఎవరూ మర్చిపోలేదు. హుద్‌హుద్ తుపానుకు మన వీధిలో చెట్టన్నది మిగల్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు, లిఫ్టు లేదు. మా ఆయన ఎక్కడో నడిసముద్రంలో ఉన్నారు. మా అమ్మ మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. అప్పుడు ఇప్పటి ప్రెసిడెంట్ గారే, కింద ట్యాంకరు దగ్గర పట్టిన నీళ్ల బిందెలు ఇవే మెట్ల మీదుగా మా గుమ్మం దాకా మోసి తెచ్చారు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి ఆయాసపడుతుంటే నేను చూశాను. అమ్మ దిగలేదని మీకు ఎవరూ చెప్పలేదు, అడగకుండానే తెచ్చారు. కాలు సరిగాలేని ప్రాణి మెట్లెక్కితే ఎలా ఉంటుందో నేను మీకు వివరించనక్కర్లేదనే ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను, సార్.

నేను అడిగేది ఇది. ఆ నోటీసు తీసేయండి. దాని బదులు పెంపుడు కుక్క ఉన్న ప్రతి ఇల్లూ టీకా కార్డు, జీవీఎంసీ లైసెన్సు కాపీలు సెక్రటరీ గారికి ఇవ్వాలని, కారిడార్లోనూ లిఫ్టులోనూ పట్టీ తప్పనిసరని, మురికి చేస్తే యజమానే శుభ్రం చేయాలని, లిఫ్టులో ముందు ఉన్నవాళ్లు సరేనంటేనే ఎక్కాలని కొత్త నోటీసు పెట్టండి. మొదటి సంతకం నేను పెడతాను. గేటు దగ్గర తిరిగే మూడు కుక్కల సంగతి కూడా తేల్చుకుందాం. రెండింటికి చెవి కొస కోసి ఉంది, ఆపరేషన్ అయినట్టే. వాచ్‌మన్ గారి పాప రాజు అని పిలిచే తెల్లదానికి ఇంకా కాలేదు. దాన్ని ఆపరేషన్‌కు పట్టించే పని నేను చూసుకుంటాను. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి చెప్పే రోజు) నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు, ఆ రోజు ఆ మూడింటినీ తీసుకెళ్లడానికి ఆటో ఖర్చు నాది. వీధికుక్కలకు అన్నం పెట్టే చోటును పిల్లలు ఆడుకునే దగ్గరకు, మెట్లకు దూరంగా, కాలనీ సంఘమే చూసి పెట్టాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెప్తున్నాయి. వెనక గోడ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఖాళీ స్థలం దానికి సరిపోతుందని నాకనిపిస్తోంది. మీరూ ఒకసారి చూడండి.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగుకు ఫైలు తీసుకుని వస్తాను. బెల్లాన్ని తీసుకురాను, భయపడేవాళ్లు ఉంటారు కాబట్టి. దాన్ని ముందు దూరం నుంచి చూడాలనుకునేవాళ్లు రోజూ పొద్దున ఆరింటికి గేటు దగ్గరకు రండి. బీచ్ రోడ్డు వైపు నడకకు అప్పుడే బయల్దేరతాం. మూడో అంతస్తు చిన్నోడిని కూడా వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని రమ్మనండి. వాడు దగ్గరకు రానక్కర్లేదు, దూరంగా నిలబడి చూస్తే చాలు.

ఇట్లు,
నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క ఫ్లాటు నుంచి,
మీ పొరుగింటి మనిషి
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం